తాడు పట్టకుండా పాడిన పాట

ముసలమ్మపాకల లోవరాజు గొంతు ఎంతటిదంటే, ఇక్కడ ఒడ్డున నిలబడి తుమ్మితే యానాం రేవులో కట్టిన పడవ ముడి ఊడిపోయేది. ఒకసారి పొగమంచులో అతను అన్నానికి కేకేస్తే, కాకినాడ వెళ్లే ఓడ ఒకటి ఎదురుగా ఇంకో ఓడ వస్తోందనుకుని పక్కకి తప్పుకుంది. తప్పుకున్నది తప్పుకున్నట్టే మూడు రోజులు దారి తెలియక తిరిగింది. "సంబంధం మాటాడ్డానికి మనుషులు బయల్దేరక ముందే ఈయన గొంతు మా ఊరొచ్చి కూకుంది" అనేది అతని పెళ్లాం నూకరత్నం, పెళ్లయిన ముప్పై ఏళ్లకి కూడా.

అలివి వల లాగేటప్పుడు ఆ గొంతే ఊరికి ఆధారం. అలివి వలని పడవలో తీసుకెళ్లి సముద్రంలో నెలవంకలా పరుస్తారు. రెండు కొసల తాళ్లూ ఒడ్డుకి తెచ్చి, చెరో పక్కా ముప్పైమంది నిలబడి లాగుతారు. అరవైమంది చేతులు ఒక్కసారి కదలాలి. ఒక్క చెయ్యి ముందో వెనకో అయితే వల మొండికేస్తుంది. అందుకే లోవరాజు "రాయే గంగమ్మా..." అని ఎత్తుకునేవాడు. ఊరంతా "ఒడ్డుకీ!" అని ఒక్క ఊపు లాగేది. "దూరమున్నదమ్మా..." అంటే మళ్లీ "ఒడ్డుకీ!" బిగిసిన ఆ తాడు మీద చెవి పెడితే పాట తాడులోంచి నీళ్లలోకి దిగిపోవడం వినిపించేది.

ఆ పాటకి ఒకటే కట్టుబాటు. చేతిలో తాడు లేకుండా ఎత్తకూడదు. పెళ్లిలో పాడరు. తాగినప్పుడు అన్నీ పాడతారు గాని అది పాడరు. "తాడుంటే ఆ కొసనేవుందో నీకు తెలుసు. తాడు లేకుండా పిలిత్తే ఏటొత్తాదో ఎవుడికి తెలుసురా?" అని లోవరాజు తల్లి అతని చిన్నప్పుడే వీపు మీద చరిచి మరీ చెప్పింది.

అలాంటి ఊరికి ఒక డాక్టరమ్మ వచ్చింది. పేరు ఇందుమతి. వచ్చిన రోజున పదిహేడుమంది మోకాళ్ల నొప్పులవాళ్లు, ఇద్దరు పంటి పోటువాళ్లు ఆవిడ జీపు ముందు వరస కట్టారు.

"నేను మనుషుల డాక్టర్ని కాదండీ, సముద్రానికి డాక్టర్ని" అంది ఆవిడ నవ్వుతూ.

"దానికేటి జబ్బండి? మొన్నటిదాకా బాగానే ఉంది కదా" అన్నాడు పోలారావు. నూకరత్నం తమ్ముడు. వల లాగేటప్పుడు మెడలోతు నీళ్లలో వల సంచి పక్కనే ఈదుతూ, అది రాళ్లకి పట్టకుండా చూసేది అతనే. మనిషి సన్నం, నోరు పెద్దది.

"ఇంకా రాలేదు. వస్తుందేమోనని మందు చేస్తున్నాను."

జబ్బు ఎక్కణ్ణుంచి రావాలో ఊరందరికీ కనిపిస్తూనే ఉంది. ఒడ్డుకి పద్నాలుగు మైళ్ల దూరాన సముద్రంలో నాలుగు ఇనప కాళ్ల మీద నిలబడి, నెత్తిన మంట పెట్టుకుని, కంపెనీవాళ్ల రిగ్గు అడుగున ఉన్న చమురు తోడుకుంటోంది. ఇందుమతి జీతం కూడా ఆ కంపెనీదే.

ఆవిడ లేబరేటరీ కాకినాడ అవతల ఒక పెద్ద రేకుల షెడ్డు. అందులో పడవంత పొడుగు గాజు తొట్టి, నిండా ఉప్పునీళ్లు. లోవరాజు, నూకరత్నం, పోలారావు ముగ్గుర్నీ జీపులో తీసుకెళ్లింది. తొట్టికి ఆ చివర గరిటెడు చమురు పోసింది. దాని మీద ముగ్గుపిండికన్నా మెత్తటి నల్ల రజను చల్లింది.

"ఇది నేను పెంచిన రజనండి. సగం ప్రాణముంది దీనికి. చమురులో కలిసిపోతుంది. వినగలదు, నడవగలదు. పైపు పగిలి సముద్రంలో చమురు పడితే, మనం పిలిస్తే చాలు, చమురునంతా మోసుకుని మన దగ్గరికి వచ్చేస్తుంది. కానీ ఏ పిలుపు పెట్టాలో తేలట్లేదు. హారన్లు, ఇంజన్లు, ఈలలు అన్నీ సముద్రంలో ముందే ఉన్నాయి. దేనికి పడితే దానికి లేచిపోతే కష్టం. ఓ ఊపు, ఓ ఆగడం, మళ్లీ ఊపు... అలాంటిది కావాలి."

"మా బావ గురక పెట్టండి. ఊపూ ఉంటాది, ఆగడవూ ఉంటాది. ఒక్కోసారి మా అక్క పోయాడేమో అని లేచి చూత్తాది" అన్నాడు పోలారావు.

ఆవిడకి వల పాట కావాలి. ఒడ్డున నిలబడి మూడు రోజులు విని మరీ వచ్చింది.

లోవరాజు బుర్ర గోక్కున్నాడు. "పాడతానండి. పాడకేం. తాడొకటి ఇప్పించండి మరి."

షెడ్డంతా వెతికినా తాడు లేదు. ఇందుమతి మైకు తెచ్చి అతని చేతిలో పెట్టింది. దాని తోకలా నల్లటి వైరు నేల మీద వేలాడింది. లోవరాజు వైరుని రెండు చేతులా పట్టుకుని లాగి చూశాడు.

"మావా, అది తాడు కాదు. వైరు" అంది నూకరత్నం.

"తాడెందుకు కాదే? పొడుగ్గా ఉంది, చేతిలో ఉంది, కొసన ఏదో ఉంది."

"కొసన ఏవుందో నీకు తెలుసా?"

తెలియదు. కాని అప్పటికే తొట్టి చుట్టూ తెల్లకోట్ల వాళ్లు పదిమంది మూగి అతని నోటివంకే చూస్తున్నారు. జన్మలో అంతమంది చదువుకున్నవాళ్లు అతని నోరెప్పుడు తెరుచుకుంటుందా అని చూడలేదు. లోవరాజు గుండెల నిండా గాలి పీల్చి ఎత్తుకున్నాడు.

"రాయే గంగమ్మా..."

"ఒడ్డుకీ!" అన్నాడు పోలారావు అలవాటు చొప్పున.

తొట్టి ఆ చివర చమురు వణికింది. రెండో ఊపుకి ముద్దయింది. మూడో ఊపుకి కుక్కపిల్లలా నీళ్ల మీద ఒక్కో గెంతూ వేసుకుంటూ వచ్చి, లోవరాజు నిలబడిన చోట గాజుకి ముట్టె ఆనించి ఆగింది. తొట్టిలో మిగిలిన నీళ్లు తాగేలా తేటపడ్డాయి. తెల్లకోట్లు చప్పట్లు కొట్టాయి. లోవరాజు ఆ రోజు ఇంటికి నేల మీద నడిచి రాలేదని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

తర్వాత ఏడాదిపాటు ఇందుమతి ఆ రజనుకి అన్నీ వినిపించి చూసింది. ఓడ హారన్లు, పిడుగులు, సినిమా పాటలు, కాకినాడ బస్టాండు. దేనికీ అది లేవలేదు. ఒక్క లోవరాజు గొంతుకే లేచింది. పాట లోవరాజుదనుకుంది ఆవిడ. ఊరిదని అనుకోలేదు. మిగతా ఊళ్లో ఒక్కరిని కూడా పిలిచి పాడించి చూడలేదు. అంత చదువుకున్నావిడ అప్పటికి చేసిన తప్పు అదొక్కటే, అది చాలింది.

రజనుని రిగ్గు పైపుల్లో కలిపారు. రిగ్గు కాళ్ల మధ్య నీళ్లలో పెద్ద ఇనప గంటలాంటిది దించి, అందులో లోవరాజు గొంతు పెట్టారు. "బావ గొంతుకి ఉద్యోగమొచ్చిందిరో, బావకే రాలేదు" అని పోలారావు రేవంతా చాటాడు.

నాలుగేళ్లు ఏమీ జరగలేదు. ఐదో ఏడు మాఘమాసంలో ఒక మంగళవారం రిగ్గు కింద పైపు పగిలింది.

ఊరికి ఎవరూ చెప్పలేదు.

గురువారం పొద్దున్నే వల వేశారు. సముద్రం మీద చిన్న అల కూడా లేదు. ఏదో వాసన మాత్రం ఉంది.

"కిరసనాయిలు వాసనొత్తంది బావా" అన్నాడు పోలారావు నీళ్లలోకి దిగుతూ.

"ఎవుడి ఇంజనో కారుతుంటాది. నువ్వు దిగు."

సగం లాగేసరికి వల బరువెక్కింది. మామూలు బరువు కాదు. ముందున్నవాళ్ల మడమలు ఇసకలో దిగబడిపోయాయి. "కానాగంత చేపల గుంపు పడిందిరో!" అని ఎవరో అరిచారు. గంపలతో నిలబడ్డ ఆడవాళ్లు గంపలు పడేసి తాడు పట్టుకున్నారు. లోవరాజుకి ఉత్సాహం వచ్చి గొంతు ఇంకా పెంచాడు. ఎనభైమంది "ఒడ్డుకీ!" అని లాగుతుంటే తాడు వీణ తీగలా మోగింది.

దూరాన నీళ్ల మీద నల్లటి గీత కనిపించింది. మబ్బు నీడ అనుకున్నారు. పైన మబ్బు లేదు.

ముందు కనిపెట్టింది నూకరత్నం. లోవరాజు "రాయే" అన్నప్పుడు ఆ గీత ఆగుతోంది. ఊరు "ఒడ్డుకీ" అన్నప్పుడు ఒక తాటిచెట్టంత దూరం ముందుకి వస్తోంది.

"మావా, ఆపు! అది మన పాటకి అడుగేత్తంది! ఆపు మావా!"

లోవరాజు కూడా అప్పుడే చూశాడు. చూసిన మరుక్షణం అర్థమైంది, గాజుకి ముట్టె ఆనించిన కుక్కపిల్ల గుర్తొచ్చింది. గొంతులో పాట సగంలో ఆగింది. పాట ఆగేసరికి ఎనభైమంది చేతులూ తప్పాయి. వల నిలిచిపోయింది. వల సంచి పక్కన మెడలోతు నీళ్లలో పోలారావు తల కనిపిస్తోంది. అతని వెనక నలుపు, ముందు వల. వల తాళ్లలో కాలు పడింది కాబోలు, ఒక చెయ్యి మాత్రం పైకెత్తాడు.

"బావా! లాగండి బావా!"

పాడితే నలుపు వస్తుంది. పాడకపోతే వల రాదు, వాడూ రాడు.

లోవరాజు పాడాడు. పుట్టినప్పట్నుంచి అలా పాడలేదు. ఊరు ఊరంతా ఏడుస్తూ "ఒడ్డుకీ! ఒడ్డుకీ!" అని లాగింది. వల ఎంత వేగంగా వచ్చిందో, నలుపు అంతకన్నా వేగంగా వచ్చింది.

పోలారావు వచ్చాడు. ఒడ్డుకే వచ్చాడు. మొహం మీద నలుపు తుడవడానికి నూకరత్నం మూడు చీరలు చింపింది. నోట్లోంచి, ముక్కులోంచి తీసిన కొద్దీ వస్తూనే ఉంది. ఎంత పెద్ద నోరది, నలుపు అందులో ఒక్క మాట కూడా మిగల్చలేదు.

ఆ సాయంత్రానికి మూడు మైళ్ల ఒడ్డు మోకాలి మందాన నల్లబడింది. గుడ్లు పెట్టడానికి వచ్చిన తాబేళ్లు వచ్చినవి వచ్చినట్టే రాళ్లయిపోయాయి. పడవలు ఇసకకి అతుక్కున్నాయి. పదకొండో రోజు అయ్యాక కూడా నూకరత్నం మొగుడితో మాట్లాడలేదు. కంచం పెట్టేది, కంచం తీసేది.

పన్నెండో రోజున స్కూలు ముందు షామియానా వేసి విచారణ పెట్టారు. కంపెనీ మేనేజరు శేషావతారం గారు తెల్ల బూట్లేసుకుని వచ్చారు. ఇసకలో నాలుగడుగులు వేసేసరికి అవి నల్ల బూట్లయ్యాయి.

పైపు ఎందుకు పగిలిందని అడిగితే, పైపు చేసినవాళ్లని అడగాలన్నారు. పైపు చేసినవాళ్ల తరఫున వచ్చినాయన, అతుకు వేసినవాళ్లని అడగమన్నాడు. అతుకు వేసినాయన, అతుకు బాగానే ఉందని సంతకం పెట్టిన ఆఫీసర్ని అడగమన్నాడు. ఆ ఆఫీసరు బదిలీ అయిపోయాడు. అలా వెళ్లి వెళ్లి ఆ తప్పు దేశమంతా తిరిగి, మళ్లీ షామియానా కిందికే వచ్చింది.

"అసలు విషయం ఏంటంటేనండీ," అన్నారు శేషావతారం గారు, "చమురు పడిన మాట నిజమే. కానీ నీటి వాలు లోపలికి ఉంది. దానంతట అది నడిసముద్రంలోకి పోయేది, ఎవరికీ నష్టం లేదు. ఒడ్డుకి పిలిచింది ఎవరు? ఏమయ్యా లోవరాజూ, ఆ పూట పాడింది నువ్వేనా కాదా?"

లోవరాజు లేచాడు. నోరు తెరిచేలోపే వెనక బల్ల మీంచి ఇందుమతి లేచింది.

"రిగ్గు కింద గంట ఉంది కదండీ. మంగళవారం మధ్యాహ్నమే అది మోగించి ఉంటే చమురు మొత్తం రిగ్గు కాళ్ల దగ్గరే నిలబడేది. మిమ్మల్ని తొమ్మిదిసార్లు అడిగాను. ‘ఆగండి, అది మన కాళ్ల దగ్గర చేరితే మనదే అని అందరికీ తెలుస్తుంది, పైనుంచి ఫోన్ రానివ్వండి’ అన్నారు. రెండు రోజులు ఆగాను. వల వెయ్యొద్దని ఊరికి నేనైనా చెప్పొచ్చు. జీపులో నలభై నిమిషాలు. చెప్పలేదు. చెప్పకుండా నన్నెవరూ ఆపలేదు. ఆ తప్పు నాదే."

శేషావతారం గారు ఫోను చూసుకుంటున్నారు.

లోవరాజు అప్పుడన్నాడు. పెద్దగా కూడా అనలేదు. "అయ్యా, పిలిచింది నేనేనండి. కాదన్ను. నా బావమరిది మీదకి నేనే పిలుచుకున్నాను. కాయితం రాయండి, వేలెడతాను. పక్కన ఇంకో గడి గియ్యండి. పిలిచినోడు నేనైతే, పంపినోడెవుడో ఆయన అందులో ఎయ్యాలి."

కాగితం రాశారు. మూడు గళ్లు గీశారు. మొదటి దాంట్లో ఇందుమతి సంతకం చేసింది. సిరా డబ్బా కోసం వెతుకుతున్నట్టే వెతికి, "మిగతాది ఆఫీసులో చూద్దాం" అని కాగితం జేబులో పెట్టుకుని శేషావతారం గారు హెలికాప్టరెక్కి రిగ్గుకి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున లోవరాజు గట్టు మీదున్న పడవ దించాడు. అలివి వల తాడు చుట్టలు చుట్టలుగా అందులో వేశాడు. వెనక్కి తిరిగేసరికి నూకరత్నం పడవలో కూర్చునుంది.

"నువ్వెక్కడికే?"

పన్నెండు రోజుల తర్వాత నోరు విప్పింది. "నువ్వు ‘రాయే’ అంటే సరిపోతాదా? బదులు ఎవుడు పలుకుతాడు? నీ బావమరిది పలుకుతాడా?"

రిగ్గు దగ్గరికి చేరేసరికి ఎండెక్కింది. ఇనప కాలికి తాడు కట్టి, రెండో కొస చేత్తో పట్టుకుని, ఇంజను వెనక్కి తిప్పి బిగలాగాడు. తాడు బిగిసింది. ఈసారి కొసన ఏముందో అతనికి బాగా తెలుసు.

"రాయే గంగమ్మా..."

"ఇంటికీ!" అంది నూకరత్నం.

లోవరాజు తలతిప్పి చూశాడు. ముప్పై ఏళ్లలో ఆ పాటలో మాట మార్చినవాళ్లు లేరు. ఆవిడ కళ్లు రిగ్గు మీదే ఉన్నాయి. రజనుకి మాటలతో పనేముంది, ఊపు తెలిస్తే చాలు.

పద్నాలుగు మైళ్ల అవతల ముసలమ్మపాకల ఒడ్డు మీద చమురు లేచింది. చూసినవాళ్లు చెప్పారు: ఇసక సందుల్లోంచి, పడవల చెక్కల్లోంచి, చచ్చిన తాబేళ్ల డిప్పల కిందనుంచి, ఆరేసిన చీరల్లోంచి బొట్టు బొట్టుగా దిగి, చీమల బారులా నీళ్లలోకి నడిచిందట. మధ్యాహ్నానికి నలుపు రిగ్గుని చుట్టుకుంది. ఊపుకో జానెడు చొప్పున ఇనప కాళ్లు ఎక్కడం మొదలుపెట్టింది. మెట్లెక్కింది. పైన అరుపులు మొదలయ్యాయి. ఇంకో నలభై ఊపులు పాడితే నెత్తిన మంటకి అందుతుంది.

"పాడు మావా" అంది నూకరత్నం.

లోవరాజు పైకి చూశాడు. కమ్మీల మీంచి మనుషులు వంగి చూస్తున్నారు. శేషావతారం గారు లేరు వాళ్లలో. తలకి గుడ్డ చుట్టుకున్న వంటవాడు ఒకడు, చేతిలో గరిటె వదలకుండానే ఏడుస్తున్నాడు. నూనె మరకల చొక్కాల కుర్రాళ్లు నలుగురు. సన్నటివాడొకడు ఒక చెయ్యి పైకెత్తాడు.

ఆ చెయ్యి చూసి నూకరత్నమే మొగుడి నోటికి తన అరచెయ్యి అడ్డం పెట్టింది.

పాట ఆగింది. చమురు ఎక్కడిదక్కడ నిలబడింది.

"మీది మీకు అప్పగించేసాను!" అని కేకేశాడు లోవరాజు. ఆ కేకకి రిగ్గు మీద రేకులు అదిరాయి. "కాయితం దింపండి, వేలెడతాను!"

చాలాసేపటికి ఒక బొక్కెన తాడు మీద దిగింది. అందులో కాగితం ఉంది. సిరా అక్కర్లేదు. లోవరాజు బొటనవేలు ఆ నల్ల నీళ్లలో ముంచి రెండో గడిలో వేశాడు. మూడో గడి తెల్లగా ఉంది. "ఎవురిదో వాళ్లు ఏసి మళ్లీ దింపండి, మేం ఇక్కడే ఉంటాం" అన్నాడు.

బొక్కెన పైకి వెళ్లింది. పొద్దు వాలేదాకా ఇద్దరూ పడవలో కూర్చున్నారు. అది మళ్లీ కిందికి రాలేదు.

కంపెనీవాళ్లు ఆ చమురు ఎత్తుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. నివేదికలో బాధ్యులుగా రెండే పేర్లున్నాయి. ఒకటి రజను చేసినావిడది, రెండోది పాట పాడినవాడిది. ఇందుమతి ఉద్యోగం పోయింది. పోయేముందు ఊరికి వచ్చి ఒక మాట చెప్పి వెళ్లింది. సముద్రంలో కలిసిన రజను అరవయ్యేళ్లదాకా చావదు. ఎక్కడ చుక్క చమురు మిగిలినా పాట వినిపిస్తే వస్తుంది. బిగిసిన తాడు మీద ఆ ఊపు పడినా చాలు, వస్తుంది.

అందుకని ముసలమ్మపాకల్లో ఇప్పుడు అలివి వల ఎలా లాగుతారో మీరు చూడాలి. ఎవరూ మాట్లాడరు. ఒకరు లాగినప్పుడు ఇంకొకరు లాగకుండా చూసుకుంటారు. ఎవరి ఊపు వాళ్లది. కలిసి లాగడం నేర్చుకోవడానికి ఆ ఊరికి ఎన్ని తరాలు పట్టిందో గాని, కలవకుండా లాగడం ఒక్క ఏడాదిలో నేర్చుకున్నారు. అరచేతులు చీరుకుపోతాయి. గంటలో వచ్చే వల పూటంతా పడుతుంది. గుప్పెడు కవళ్ల చేపలు పడతాయి.

తాడు మొదట్లో లోవరాజు ఉంటాడు. పక్కన నూకరత్నం ఉంటుంది. తాడు చేతిలో పడగానే గొంతు తనంతట తానే ఉబ్బుతుంది, అలవాటు కదా. అప్పుడు తువ్వాలు కొస నోట్లో కుక్కుకుంటాడు.

మొన్నొకనాడు వల తీసేశాక, నీళ్ల అంచున రూపాయి బిళ్లంత నల్ల బొట్టు ఒకటి కనిపించింది నూకరత్నానికి. కెరటం వచ్చి లాగినా పోవడంలేదు. ఎవరూ పిలవలేదు దాన్ని. దానంతట అదే వచ్చింది. ఊరివైపు తిరిగి కూర్చుంది, ఎవరో ఒకరు నోరు తెరవకపోతారా అని.